పొద్దున్నే మెడ కింద తడిమి చూడండి

ప్రశ్న: మా దగ్గర 7 వారాల కోడిపిల్లలు పది ఉన్నాయి. వాటిలో ఒక పెట్టపిల్లకి మెడ కింద, రొమ్ముకి కుడిపక్కన నిమ్మకాయంత ఉబ్బు కనిపిస్తోంది. రెండు రోజులుగా మేత దగ్గరికి వస్తుంది, రెండుసార్లు పొడుస్తుంది, వెళ్లి ఓ మూల నిలబడుతుంది. నీళ్లు మాత్రం తాగుతోంది. మిగతా పిల్లలకి కూడా సాయంత్రం పూట అదే చోట ఉబ్బు కనిపిస్తుంటే, అన్నిటికీ అంటుకుందేమోనని టెన్షన్‌గా ఉంది. నాలుగు రోజుల కిందట పెరట్లో గడ్డి కోసి వాటికి ఓ కట్ట వేశాం. మా మామగారు తలకిందులుగా పట్టుకుని పిండితే లోపలున్నది వచ్చేస్తుందంటున్నారు. మా అబ్బాయి ఏదో వీడియో చూసి బ్లేడుతో కోసి తీసేయొచ్చంటున్నాడు. కోళ్లకి ఇదివరకు వాడగా మిగిలిన యాంటీబయాటిక్ పొడి ఇంట్లో ఉంది. అది కలిపి పెట్టనా? ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ పిల్లని తలకిందులు చేయొద్దని మామగారికి చెప్పండి. బ్లేడు దాచేయండి. ఆ పొడి డబ్బా మూత తీయకండి. ఈ మూడూ జరక్కుండా చూస్తే సగం గండం గడిచినట్టే. పిల్ల నీళ్లు తాగుతోందన్నారు కాబట్టి మిగతా సంగతి నిదానంగా చూసుకునేంత సమయం మీకుంది.

మిగతా తొమ్మిది పిల్లల గురించి బెంగ పెట్టుకోవద్దు. మీరు సాయంత్రం చూస్తున్నది జబ్బు కాదు, అవి కడుపునిండా తిన్న గుర్తు. కోడికి పళ్లు లేవు, నమిలే పని లేదు. దొరికింది దొరికినట్టు మింగేస్తుంది. మింగింది నేరుగా పొట్టలోకి పోదు. మెడ మొదట్లో, కాస్త కుడివైపుకి, ఆహారనాళమే ఉబ్బి ఒక సంచిలా ఉంటుంది. వెటర్నరీ డాక్టర్లు దాన్ని క్రాప్ అంటారు, ఇక్కడ మేతసంచి అనుకుందాం. మేత అందులో నిలిచి, నాని, మెత్తబడి, కొద్దికొద్దిగా కిందికి దిగుతుంది. కింద మొదట జీర్ణరసాలు ఊరే చిన్న పొట్ట, దాని తర్వాత కందనకాయ. తిరగలి పని చేసేది కందనకాయే. మేతసంచి ఏదీ అరగదీయదు, అది ఉత్త గిడ్డంగి. బయట తిరిగే పక్షి గబగబా ఏరుకు తిని, భయం లేని చోట కూర్చుని తీరిగ్గా అరిగించుకోవడానికి వచ్చిన ఏర్పాటు ఇది. అందుకే చీకటి పడేముందు కోళ్లు ఆబగా తింటాయి. రాత్రంతా ఆ సరుకు కిందికి దిగుతూ ఉంటుంది. తెల్లారేసరికి సంచి ఖాళీ. మీ పిల్లలకి ఆ వయసులో రొమ్ము మీద ఈకలు ఇంకా పలచగా ఉంటాయి కాబట్టి నిండిన సంచి కొట్టొచ్చినట్టు కనపడుతుంది. పెద్ద కోడికైతే ఈకలు కప్పేస్తాయి, చూసేవాళ్లకి తెలియదు.

కాబట్టి సాయంత్రం చూసి ఏమీ తేల్చలేం. పొద్దున చూడాలి.

ఈ రాత్రి చీకటి పడగానే ఆ పిల్లని వేరే అట్టపెట్టెలో పెట్టండి. కింద పొట్టు గానీ గడ్డి గానీ వేయకండి, పాత తువ్వాలు పరవండి. కాగితం పరిస్తే కాళ్లు జారతాయి. పొట్టు ఎందుకు వద్దంటున్నానంటే, మేత తినని పిల్ల కూడా ఊరికే నిలబడి పొట్టు పొడుచుకు మింగుతుంది, పొద్దున లెక్క తప్పుతుంది. పెట్టెలో మేత ఉంచొద్దు, నీళ్లు ఉంచండి. 7 వారాల పిల్ల ఎలాగూ చీకట్లో తినదు, కాబట్టి ఒక రాత్రి మేత లేకపోతే ఏమీ కాదు. తెల్లారగానే, మేత వేయకముందే, తడిమి చూడండి.

ఎలా తడమాలో చెబుతాను. ఆరోగ్యంగా ఉన్న పిల్లని ముందు పట్టుకోండి. ఎడమ చంకలో ఇమిడేలా, తల ముందుకి, కాళ్లు కిందికి ఉండేలా ఒడిలో కూర్చోబెట్టుకోండి. కుడిచేతి వేళ్లని మెడ కింది నుంచి రొమ్ము ఎముక మొన దాకా తీసుకెళ్లండి. ఆ మొనకి కాస్త పైన, కుడిపక్కన, పొద్దున పూట మీకు పెద్దగా ఏమీ తగలదు. వదులుగా ఉన్న చర్మం, దాని కింద పలచటి ఖాళీ తిత్తి, అంతే. ఆ స్పర్శ వేళ్లకి గుర్తుండగానే జబ్బు పిల్లని పట్టుకోండి. తేడా దానంతటదే తెలుస్తుంది. ఏ పుస్తకం చదివినా రాని జ్ఞానం ఇది. అసలైతే కోళ్లు పెంచే ప్రతి ఇంట్లో బాగున్న రోజుల్లోనే దీన్ని చేతికి అలవాటు చేసుకోవాలి. జబ్బు చేశాక మొదటిసారి తడిమితే ఏది మామూలో ఏది కాదో ఎలా తెలుస్తుంది?

జబ్బు పిల్ల సంచి కూడా ఖాళీగా ఉంటే మీరు వెతకాల్సిన జబ్బు ఇది కాదు, దాని గురించి కింద చెబుతాను. ఖాళీ కాకపోతే అది వేళ్లకి ఎలా తగులుతోందన్నదాన్ని బట్టి దారి మారుతుంది. గట్టిగా, తడి మట్టి ఉండలాగా ఉండి, నొక్కితే వేలి గుంట అలాగే నిలిచిందంటే లోపల మేత బిగుసుకుపోయింది. నీళ్లు నింపిన బెలూన్‌లా జలజలా కదులుతూ, నోరు తెరిస్తే మురిగిన వాసన వస్తే సంచి పులిసింది. గట్టిగానూ లేదు, వాసనా లేదు, కానీ సంచి కిందికి జారి వేలాడుతోంది అంటే దాని కండ సాగిపోయింది. కొన్నిసార్లు మొదటిదీ రెండోదీ కలిసే ఉంటాయి. మధ్యలో ఉండ, చుట్టూ పులిసిన నీళ్లు.

మీ ఉత్తరంలో గడ్డి మాట ఉంది కాబట్టి నా అనుమానం మొదటిదాని మీదే. గడ్డి తినడం తప్పేమీ కాదు. కోడి నేల మీద పెరుగుతున్న గడ్డిని పీకేటప్పుడు చూడండి. పోచ కొసని ముక్కుతో పట్టి లాగుతుంది. వేరు కింద పట్టి ఉంటుంది కాబట్టి పోచ తెగి చిన్న ముక్క మాత్రమే నోట్లోకి వస్తుంది. అదే కోసి పడేసిన గడ్డి అయితే వెనక్కి లాగేది ఏదీ లేదు. జానెడు పోచ దారంలా జర్రున లోపలికి పోతుంది. ఒకటి కాదు, ఇరవై పోతాయి. సంచిలో అవన్నీ ఒకదానికొకటి పెనవేసుకుని తాడు చుట్టలా తయారవుతాయి. సంచి కింద దారి సన్నగా ఉంటుంది, ఆ చుట్ట దిగదు. దాని మీద మేత వచ్చి చేరుతుంది. పిల్లకి ఆకలి వేస్తుంది, తినబోతుంది, లోపల చోటు ఉండదు. మీరు చెప్పిన ఆ రెండు పొడుపులూ, వెళ్లి మూల నిలబడటమూ సరిగ్గా అదే.

ఇక తలకిందుల సంగతి. మొదట్లో నేనూ ఆ పని చేసినవాణ్ణే. 5 వారాల పిల్ల, అచ్చం ఇలాంటి ఉబ్బే. ఎవరో చెప్పారు కదా అని కాళ్లు పట్టుకుని తలకిందులు చేసి, ఉబ్బుని బొటనవేలితో నోటివైపుకి ఒత్తాను. గోధుమరంగు నీళ్లు బొటబొటా కారాయి. వచ్చేస్తోందని సంబరపడ్డాను కూడా. నిటారుగా పట్టుకునేసరికి నోరు తెరిచి ఒకసారి గాలి కోసం ఎగబీల్చింది, ముక్కు రంధ్రాల్లో రెండు బుడగలు వచ్చాయి, రెక్కలు రెండుసార్లు కొట్టుకుంది. అరచేతిలోనే పోయింది. తర్వాత కోసి చూస్తే గడ్డి ఉండ పెట్టిన చోట పెట్టినట్టే ఉంది. పక్కనున్న నీళ్లు మాత్రమే బయటికొచ్చాయి. వాటిలో కొన్ని ఊపిరితిత్తుల్లోకి దిగాయి. కోడి నోరు తెరిచినప్పుడు చూడండి, నాలుక మొదట్లోనే చిన్న చీలిక ఒకటి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. అది గాలిగొట్టం తలుపు. కింది నుంచి నీళ్లు ఎగదన్నితే మొదట ఎదురయ్యేది ఆ తలుపే. సంచి నిండా నీళ్లున్న పిల్లని డాక్టరు ఖాళీ చేయాల్సి వచ్చినా మెత్తటి గొట్టం వేసి తీస్తారు, ఇలా పిండరు.

పొద్దున తడిమితే గట్టి ఉండే తగిలిందనుకుందాం. అప్పుడు చేయాల్సింది చాలా మామూలు పని, కాకపోతే ఓపిక కావాలి. పిల్లని ఆ పెట్టెలోనే ఉంచండి. ఒక పక్కన వెచ్చగా ఉండాలి, 28 నుంచి 30 డిగ్రీల దాకా. ఇంకో పక్క మామూలుగా ఉండాలి, వేడెక్కువైతే అటు జరుగుతుంది. పిల్ల చల్లబడితే పేగుల కదలిక మందగిస్తుంది, సంచి కదలికా అంతే. చాలామంది మందుల కోసం పరిగెడతారు గానీ ఈ వెచ్చదనం సంగతి పట్టించుకోరు.

తర్వాత గోరువెచ్చటి నీళ్లు. డ్రాపర్‌తో ముక్కు పక్కన ఒక్కో చుక్క వదలండి. చుక్క ముక్కు అంచు వెంట జారుతుంది, పిల్ల తనంతట తను చప్పరించి మింగుతుంది. మింగాకే ఇంకో చుక్క. సిరంజితో నోట్లోకి చిమ్మడం మాత్రం వద్దు, దానివల్ల జరిగేదీ పైన చెప్పిన ప్రమాదమే. ఆ సైజు పిల్లకి ఒక విడతకి రెండు మిల్లీలీటర్లు చాలు. నూనె పోయమని చాలామంది చెబుతారు. నేనూ కొన్నేళ్లు పోశాను, ఇప్పుడు మానేశాను. ఉండ మెత్తబడేది నీళ్లతోనే, నూనె దాని పైపైన జారుతుంది. పొరపాటున ఊపిరితిత్తుల్లోకి పోతే నూనె నీళ్లలా పీల్చుకుపోదు, అక్కడే ఉండిపోయి న్యుమోనియా తెస్తుంది. లాభం కొంచెం, ప్రమాదం ఎక్కువ.

నీళ్లు పట్టాక పది నిమిషాలు ఆగి మర్దన. పిల్ల నిటారుగా, తల పైకి ఉండాలి. బొటనవేలు ఒక పక్క, రెండు వేళ్లు ఇంకో పక్క పెట్టి ఉండ అంచుల్ని మెల్లగా నలపండి. ఉండ నడిమధ్యలో నొక్కొద్దు. అంచుల దగ్గర మేత ముందు విడుతుంది. పిండి ముద్దని విడదీస్తున్నట్టు ఉండాలి తప్ప బట్టలు పిండుతున్నట్టు కాదు. మీ వేళ్లు ఎప్పుడూ గొంతువైపుకి తోయకూడదు. ఐదు నిమిషాలు చేసి వదిలేయండి. రోజుకి నాలుగు సార్లు. మధ్యలో పిల్ల నోరు తెరిచినా, గొంతులోకి నీళ్లు ఎగదన్నుతున్నట్టు అనిపించినా వెంటనే ఆపి కింద నిలబెట్టండి. మొదటి విడతలో ఏ తేడా తెలియదు. మూడో విడతకో నాలుగో విడతకో ఉండలో ఒక మూల మెత్తగా తగులుతుంది. ఆ మెత్తదనం వేలికి తగిలినప్పుడు కలిగే సంతోషం నేను చెబితే అతిగా ఉంటుంది, మీరే చూడండి.

ఉండ తగ్గడం మొదలయ్యేదాకా మేత వద్దు. కానీ ఒక రాత్రీ ఒక పగలూ మించి పస్తు ఉంచకండి, ఈ వయసు పిల్లలో నిల్వ ఏమీ ఉండదు. తగ్గుతోందని తెలియగానే అది రోజూ తినే స్టార్టర్ మేతనే (చిన్న పిల్లల కోసం తయారుచేసి అమ్మే మేత) నీళ్లలో జారుగా కలిపి ఒక చెంచాడు పెట్టండి. రెండు గంటలు చూసి ఇంకో చెంచాడు. గింజలు, గడ్డి, ఆకులు ఏవీ వద్దు. నూనెలో నానబెట్టిన బ్రెడ్డు పెడితే దిగుతుందని ఒక మాట ప్రచారంలో ఉంది. బ్రెడ్డు తడిస్తే జిగట ముద్ద అవుతుంది. ఉన్న ముద్ద చాలదా మనకి?

రెట్ట మీద కూడా ఒక కన్నేసి ఉంచండి. తువ్వాలు పరవడంలో ఉన్న ఇంకో లాభం అదే. గోధుమరంగు రెట్ట, మీద తెల్లటి టోపీ ఉంటే పైనుంచి ఏదో కిందికి దిగుతోందన్నమాట. నీళ్లలా, ఆకుపచ్చగా పడుతుంటే పేగుల్లో మేత లేదు, పసరు ఒక్కటే వస్తోంది. పిల్ల ఆకలికి కరుగుతోందని అర్థం. బరువు తూచి చూస్తే మోసపోతారు, నిండిన సంచి బరువు కూడా అందులో కలుస్తుంది. దాని బదులు రొమ్ము ఎముకకి రెండు పక్కలా తడమండి. కండ నిండుగా ఉందా, ఎముక కత్తి అంచులా తేలిందా అన్నది వేళ్లు అబద్ధం చెప్పవు.

మర్నాడు పొద్దున మళ్లీ తడిమి చూడండి. సగానికి సగం తగ్గితే అదే దారిలో వెళ్లండి. రెండో రోజు పొద్దునకీ ఉండ ఉన్నట్టే ఉంటే, లేదా ఆకుపచ్చ రెట్ట మొదలైతే, లేదా పిల్ల కళ్లు మూసుకుని తూలుతుంటే ఇంకో రోజు ఆగకుండా వెటర్నరీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. అవసరమైతే వాళ్లే సంచి కోసి ఉండ తీస్తారు. మీ అబ్బాయి చూసిన వీడియోలో ఉన్న పని అలాంటిదే అయ్యుంటుంది. పని సరైనదే, చేసే చెయ్యి మాత్రం వేరు. చర్మం వేరు, దాని కింద సంచి గోడ వేరు. రెండిటినీ విడివిడిగా కుట్టాలి. కలిపి కుట్టేస్తే సంచి కారుతుంది, మేత చర్మం కిందికి వచ్చి కుళ్లుతుంది. నొప్పి తెలియకుండా మత్తు ఇవ్వాలి. అవేవీ ఇంట్లో అయ్యే పనులు కావు. డాక్టరు చేతిలో అయితే సాధారణంగా బాగా కోలుకునే ఆపరేషనే ఇది, కాబట్టి ఆ మాట వినగానే ఆశ వదులుకోవద్దు.

ఇప్పుడు రెండో రకం. పొద్దున తడిమితే గట్టిగా లేదు, నీళ్ల సంచిలా ఉంది. మెల్లగా ముక్కు తెరిచి వాసన చూడండి. పులిసి పాడైన పిండి వాసన వస్తుంది, ఒక్కసారి చూస్తే మర్చిపోలేరు. కోడి ఒంటి వేడి 41 డిగ్రీలు ఉంటుంది. అంత వెచ్చని చోట తడిసిన మేత కదలకుండా ఉంటే పులవక ఏమవుతుంది? అందులో క్యాండిడా అనే ఈస్ట్ పెరుగుతుంది. ఈ ఈస్ట్ ఆరోగ్యంగా ఉన్న కోడిలోనూ కొద్దిగా ఉంటుంది, మంచి బ్యాక్టీరియా దాన్ని అదుపులో పెడుతుంది. ఆ బ్యాక్టీరియా చచ్చిపోయినప్పుడు, పిల్ల నీరసించినప్పుడు, నీళ్లతొట్టి పాచి పట్టినప్పుడు ఇది విజృంభిస్తుంది. నోట్లో, సంచి గోడల మీద తెల్లటి మందపాటి పొరలు కడుతుంది. పెద్ద కోళ్ల కంటే పిల్లలకే త్వరగా పట్టుకుంటుంది.

మీ పొడి డబ్బా ముట్టుకోవద్దన్నది ఇందుకే. యాంటీబయాటిక్ ఈస్ట్‌ని చంపదు. దాన్ని అదుపులో పెట్టే బ్యాక్టీరియాని చంపుతుంది. అంటే కాపలావాణ్ణి పంపించేసి దొంగకి తలుపు తీయడం. ఒక కోడికి ఏదో జబ్బని యాంటీబయాటిక్ వాడితే, ఆ జబ్బు తగ్గి, వెంటనే సంచి పులవడం మామూలుగా జరిగేదే.

దీనికి పనిచేసే మందు నిస్టాటిన్. మోతాదు పిల్ల బరువుని బట్టి ఉంటుంది, అది డాక్టరు రాయాలి, నేను ఇక్కడ రాయను. ఒక్క సంగతి మాత్రం తెలుసుకోండి. నిస్టాటిన్ పేగుల్లోంచి రక్తంలోకి వెళ్లదు, తాకిన చోట మాత్రమే పనిచేస్తుంది. కాబట్టి సంచి నిండా పులిసిన నీళ్లుండగా రెండు చుక్కలు వేస్తే పెద్దగా ఫలితం ఉండదు. వీలైనంత ఖాళీగా ఉన్నప్పుడు, మేతకి ముందు వేయాలి. మధ్యలో బాగుందని మానేయకుండా డాక్టరు చెప్పినన్ని రోజులూ వేయాలి. నీళ్లలో వెనిగర్ కలిపితే తగ్గిపోతుందన్న మాట మీ చెవినా పడే ఉంటుంది. క్యాండిడా పులుపులోనూ హాయిగా పెరుగుతుంది. పైగా ఇనుప తొట్టిలో వెనిగర్ పోస్తే తొట్టి తుప్పు పడుతుంది. పెరుగు కూడా చెబుతారు. పక్షులకి పాలలోని చక్కెర సరిగా అరగదు, కాబట్టి దాన్ని మందు అనుకుని గిన్నెడు పెట్టొద్దు. ఇలాంటి పిల్లని ఎత్తుకునేటప్పుడు ఎప్పుడూ తల పైకి ఉండాలి. ఒక్కోసారి రొమ్ము కింద చెయ్యి పెట్టి ఎత్తినంత మాత్రానే నీళ్లు నోట్లోకి వచ్చేస్తాయి.

సంచి సాగి వేలాడే రకం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, 7 వారాల పిల్లలో అది అరుదు. కొన్నిటికి పుట్టుకతోనే ఆ బలహీనత ఉంటుంది, కొన్ని ఎండల్లో ఒకేసారి విపరీతంగా నీళ్లు తాగి తెచ్చుకుంటాయి. సాగిన కండ పూర్తిగా మామూలుకి రాదు. తక్కువ తక్కువగా ఎక్కువ సార్లు మేత పెడుతూ నెట్టుకురావాలి. అలాంటి పెట్ట గుడ్లని మాత్రం పొదిగించొద్దు.

సంచి ఖాళీ అవుతోంది గానీ పిల్ల మాత్రం నలతగానే ఉంది, లేదా ఖాళీ చేసినా రెండు రోజుల్లో మళ్లీ నిండిపోతోంది అనుకోండి. అప్పుడు జబ్బు సంచిలో లేదు, కింద ఎక్కడో ఉంది. కాలవ చివర పూడిపోతే నీళ్లు ఎక్కడ నిలుస్తాయో చూస్తాం కదా, ఇదీ అంతే. కందనకాయలోనే గడ్డి బిగుసుకుని ఉండొచ్చు. పురుగులు ఉండొచ్చు. 3 నుంచి 6 వారాల మధ్య పిల్లల్లో కాక్సిడియోసిస్, అంటే పేగుల్లో చేరే ఒక సూక్ష్మజీవి వల్ల వచ్చే జబ్బు, ఎక్కువ. ఈకలు ఉబ్బించుకుని, భుజాలు కుంగి నిలబడితే, రెట్టలో రక్తం కనిపిస్తే దాన్నే ముందు అనుమానించాలి. మీ పిల్లలు ఆ వయసు దాటినా అది రాదని ఏమీ లేదు. దానికి వేరే మందు ఉంది, ఆలస్యం చేస్తే రెండు మూడు రోజుల్లో ప్రాణం తీస్తుంది. ఇంకోటి మారెక్స్ అనే వైరస్ జబ్బు. ఇది నరాల మీద పడుతుంది. సంచిని కదిలించే నరం దెబ్బతింటే మేత ఎంత మెత్తగా ఉన్నా దిగదు. ఒక కాలు ముందుకి, ఒక కాలు వెనక్కి చాపుకుని పడిపోవడం దాని గుర్తు. వచ్చాక మందు లేదు. టీకా ఉంది గానీ పిల్ల గుడ్డులో ఉన్నప్పుడో, గుడ్డులోంచి బయటికొచ్చిన రోజో వేయాలి. పిల్లలు కొనేటప్పుడు ఆ టీకా వేశారా అని అడిగి తెలుసుకోండి.

సంచి బిగుసుకోవడం అంటువ్యాధి కాదు. ఒకటి రెండు పిల్లలకి వస్తే అవి మింగిన వస్తువుదే తప్పు. మూడు నాలుగింటికి ఒకేసారి పొద్దున సంచి ఖాళీ కాకపోతే మాత్రం మేత బస్తా విప్పి వాసన చూడండి, బూజు ఉందేమో. నీళ్లతొట్టి లోపలి గోడ వేలితో రుద్దండి, జారుతుందేమో. అప్పుడూ ఏం తేలకపోతే డాక్టరుకి చెప్పాల్సిందే.

ఇంకా చిన్న పిల్లలున్న వాళ్ల కోసం కూడా రెండు మాటలు, ఎందుకంటే ఈ కాలమ్‌కి ఎక్కువ ఉత్తరాలు అక్కడి నుంచే వస్తాయి. గుడ్డులోంచి అప్పుడే బయటికొచ్చిన పిల్ల కడుపులో రెండు మూడు రోజులకి సరిపడా పచ్చసొన ఉంటుంది. దాన్ని నమ్ముకుని మేత ఆలస్యం చేయకూడదు. పెద్ద ఫారాల్లో పిల్లల్ని దించిన 24 గంటలకి కొన్నిటిని పట్టుకుని సంచి తడుముతారు. నూటికి 95 పిల్లల సంచి నిండి ఉండాలన్నది వాళ్ల లెక్క. నిండటం ఒక్కటే చూడరు, ఎలా నిండిందో చూస్తారు. గుండ్రంగా, మెత్తగా, జావలా ఉంటే మేతా నీళ్లూ రెండూ దొరికాయి. గట్టిగా, మేత గరుకు వేలికి తెలిసేలా ఉంటే మేత దొరికింది గానీ నీళ్లు దొరకలేదు. ఉబ్బి ఒట్టి నీళ్లలా ఉంటే నీళ్లు దొరికాయి, మేత దొరకలేదు. మూడు స్పర్శలు, మూడు వేర్వేరు లోపాలు. దీనికి మందెందుకు, తొట్టి ఎక్కడ పెట్టాలో తెలిస్తే చాలు. తొలివారంలో బ్రూడర్ (పిల్లల్ని వెచ్చగా ఉంచే ఏర్పాటు) కింద 32 నుంచి 35 డిగ్రీల వేడి కావాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. చలికి వణికే పిల్ల తిన్నా సంచి కదలదు. ఇంత చిన్న పిల్లలకి నేను పైన చెప్పిన పస్తు పెట్టొద్దు, ఒక్క రాత్రి కూడా. మొదటి మూడు నాలుగు రోజులు పొట్టు మీద బట్ట పరవండి. ఏది మేతో ఏది పొట్టో వాటికి ఇంకా తెలియదు.

మీ తొమ్మిది పిల్లల దగ్గరికి వస్తాను. మిగిలిన గడ్డి ఈరోజే తీసేయండి. మళ్లీ వేయాలంటే కత్తెరతో రెండు సెంటీమీటర్లకి తక్కువగా తరిగి వేయండి. లేదా కట్టగా బిగించి వాటి తలల ఎత్తులో వేలాడదీయండి. కట్ట పట్టుకుని ఉంటుంది కాబట్టి నేల మీది గడ్డిలాగే తుంచుకు తినాలి. ఉత్త స్టార్టర్ మేత తినే పిల్లలకి రాళ్లు అక్కర్లేదు, ఆ మేత తడిస్తే విడిపోతుంది. గడ్డీ గింజలూ పెట్టడం మొదలయ్యాక మాత్రం కందనకాయకి తిరగలి రాళ్లు కావాలి. ముతక ఇసుకంత గ్రిట్ వేరే గిన్నెలో పెట్టండి, ఎంత కావాలో అవే తీసుకుంటాయి. ఆల్చిప్పల పొడిని గ్రిట్ అనుకుని పెట్టేవాళ్లున్నారు. అది రాయిలా నిలవదు, కరిగి కాల్షియం అవుతుంది. గుడ్లు పెట్టే కోడి మేతలో కాల్షియం 3.5 నుంచి 4 శాతం దాకా ఉంటుంది, పెరిగే పిల్లకి 1 శాతం చాలు. ఎక్కువైతే కిడ్నీలు పాడవుతాయి.

ఇంకో చిన్న పని. మేత బస్తా మూతికి కుట్టిన దారం ఎక్కడ పడేశారో గుర్తు తెచ్చుకోండి. మనం సర్రున లాగి పక్కన పారేస్తాం, కోడిపిల్లకి అది పురుగులా కనిపిస్తుంది. ఆ పెట్టపిల్ల నోరు తెరిచి నాలుక కింద చూడండి. దారం చుట్టుకుని లోపలికి పోయి ఉంటే మాత్రం లాగొద్దు, లోపల కోసుకుపోతుంది. మర్దన కూడా చేయొద్దు. తిన్నగా డాక్టరు దగ్గరికే.

బాగయ్యాక కూడా మూడు నాలుగు రోజులు తడి మేతే పెట్టండి, రెండు వారాల పాటు రోజూ పొద్దున తడుముతూ ఉండండి. ఒకసారి సాగిన సంచిలో మేత మళ్లీ తేలిగ్గా నిలిచిపోతుంది. గుంపులోకి తిరిగి పంపేటప్పుడు పట్టపగలు వదలకండి, మిగతావి కొత్త పిల్లనుకుని పొడుస్తాయి. ముందురోజు ఒక తోటి పిల్లని తెచ్చి దీని పెట్టెలో ఉంచి, చీకటి పడ్డాక రెండిటినీ కలిపి గూట్లో పెట్టండి.

మామగారిని చిన్నబుచ్చకండి. లోపలున్నది కదలాలన్న ఆయన మాట సరైనదే, అది పోవాల్సింది పైకి కాదు, కిందికి. ఎన్నో ఏళ్లుగా కోళ్లని పట్టుకున్న చేతులై ఉంటాయి అవి. రోజుకి నాలుగు సార్లు మర్దన, పొద్దున్నే తడమడం ఆయనకే అప్పగించండి. మీ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టి, ఏ పూట ఎలా తగిలిందో, రెట్ట ఏ రంగులో ఉందో ఒక కాగితం మీద రాయమనండి. డాక్టరు దగ్గరికి వెళ్లాల్సి వస్తే ఆ కాగితం పట్టుకెళ్లండి. ఆయన అడిగే మొదటి ప్రశ్నలు అవే.